ఓడరేవు సముద్రం దగ్గర మొదలవదు: విశాఖ పోర్టు, మన కొండలు



ఇది కొంచెం పెద్ద పోస్టు. హాస్టల్లో ఖాళీ ఉన్నప్పుడు ఓపిగ్గా చదవండి, తప్పులుంటే కామెంట్లో చెప్పండి.

మాది అనంతగిరి మండలంలో రైలు పట్టాకి కాస్త పైనున్న ఊరు. చిన్నప్పుడు మాకు లెక్కలు నేర్పింది బడి కాదు, గూడ్సు బండి. గట్టు మీద కూర్చుని పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం. నిండుగా కిందకి వెళ్లే బండి నెమ్మదిగా, బ్రేకులు కీచుమంటూ దిగేది. ఖాళీగా పైకి వచ్చే బండి గలగలమని మోగేది. దిగే బండిలో ఎర్రటి రాయి. "ఇది ఎక్కడికెళ్తాది తాతా?" అని అడిగితే మా తాత ఒకటే మాట అనేవాడు: "సంద్రానికి." సముద్రానికి రాయెందుకు అని నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు.

మొన్న దసరాకి ఊరెళితే మా చేను గట్టు మీద రాళ్లకి ఎర్ర రంగు పూసి ఉంది. కొలతలు వేసి వెళ్లారంట. రెండో లైను కోసం అని కొందరు, మలుపు సరిచేయడానికని కొందరు అన్నారు. కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. మొదటి లైను పడ్డప్పుడు మనకేమైనా ఇచ్చారా అని మా తాతని అడిగాను. "సొరంగం పనికి కూలిచ్చారు" అన్నాడు. భూమికి? "భూమికి కాగితముంటే కదా" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. విశాఖ పోర్టు గురించి పుస్తకాల్లో ఓడలు, బెర్తులు, టన్నులు ఉంటాయి. ఊరి జనం ప్రస్తావన వచ్చినా అది తీరం దగ్గరే ఆగిపోతుంది. కానీ ఆ పోర్టు వేర్లు మన కొండల్లోకి వచ్చాయి, మన ఇళ్ల వెనక నుంచే పోయాయి. ఆ కథ మన వైపు నుంచి చెప్పే ప్రయత్నం ఇది.

పోర్టు రాకముందు: ఉప్పు పైకి, సరుకు కిందకి

కొండకీ తీరానికీ సంబంధం తెల్లవాళ్లు మొదలుపెట్టింది కాదు. ఉప్పు కొండ మీద పండదు. ఉప్పు కావాలంటే తీరం నుంచి రావాల్సిందే. ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు మూటలు ఘాటీలెక్కి జైపూర్ సంస్థానం దాకా వెళ్లేవి. వచ్చేటప్పుడు ధాన్యం, పసుపు, చింతపండు, కరక్కాయలు, వలిసెలు కిందకి దిగేవి. ఆ దారుల్లో లంబాడీ బిడారులు తిరిగేవి. సాలూరు లాంటి ఊళ్లు ఘాటీ కింద పెద్ద బజార్లయ్యాయి.

అప్పట్లో సరుకు ఓడెక్కే చోటు ముఖ్యంగా భీమునిపట్నం. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలోనే అక్కడ స్థావరం పెట్టారు. ఓడలు ఒడ్డుకి రాలేవు కాబట్టి దూరంగా ఆగేవి, పడవల మీద సరుకు చేరవేసేవాళ్లు. అంటే పడవ నడిపేవాడికి, మూట మోసేవాడికి, ఎద్దు తోలేవాడికి, కొండ మీద కరక్కాయ ఏరేవాడికి ఎంతో కొంత పని ఉండేది.

ఆ రోజులు బంగారమేమీ కాదు. సంతలో శావుకారు తూకం అప్పుడూ మోసమే. శేరు ఉప్పుకి ఎన్ని శేర్ల చింతపండు ఇచ్చుకున్నారో మన అమ్మమ్మలు ఇప్పటికీ చెబుతారు. అప్పు తీర్చలేక తరాల తరబడి వెట్టి చేసిన కుటుంబాలు మన దగ్గరున్నాయి. 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు, వడ్డీల మీద ప్రభుత్వం చట్టం తేవాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు. ఒక తేడా మాత్రం ఉంది. అప్పుడు కొండ నుంచి దిగిన సరుకు మళ్లీ ఏడాదికి పండేది. కరక్కాయ ఏరితే చెట్టు మిగిలేది. పోర్టు వచ్చాక దిగిన సరుకు అలాంటిది కాదు.

1933: ఉప్పుటేరు హార్బరైంది

విశాఖలో హార్బరు కట్టవచ్చని 1920లో బ్రిటిష్ నౌకాదళ అధికారి కల్నల్ కార్ట్‌రైట్ రీడ్ సిఫార్సు చేశాడు. యారాడ కొండ కొన సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది, దాన్నే డాల్ఫిన్స్ నోస్ అంటారు. దాని చాటున ఉప్పుటేరు, చిత్తడి నేల. ఆ చిత్తడిని తవ్వి లోపలి హార్బరు చేశారు. కట్టింది బెంగాల్ నాగపూర్ రైల్వే. పోర్టుని రైల్వే కంపెనీ ఎందుకు కట్టింది? ఈ ప్రశ్నలోనే మన కథంతా ఉంది.

మధ్య పరగణాల్లో మాంగనీసు ఉంది. దాన్ని ఓడెక్కించడానికి దగ్గర దారి కావాలి. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా రైలు 1908-09 నాటికే వచ్చింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకి చిన్న లైను పడింది. 1931కి పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ దాకా లైను పూర్తయింది. రెండేళ్లకి పోర్టు తెరిచారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదట లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అలలు ఆపడానికి జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలకి రాళ్లు నింపి సముద్రంలో ముంచేశారు. ఈ సంగతి పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటుంది. పార్వతీపురం దాటాక ఆ పట్టా ఎవరి అడవిలోంచి, ఎవరి ఊళ్ల పక్క నుంచి పోయిందో మాత్రం ఆ పుస్తకాల్లో ఉండదు. అవి సవరలు, జాతాపులు, కోందులు ఉండే కొండలు.

వరస చూడండి: ముందు గని, తర్వాత రైలు, ఆ తర్వాత పోర్టు. పట్నంలో ఉన్నవాళ్లకి పోర్టు మొదలు, రైలు దాని తోక. మనవైపు నుంచి చూస్తే పోర్టే తోక. తల కొండలో ఉంది.

ఇంకో విషయం. ఇక్కడ దారులు వేయడానికి మన చెమట వాడుకోవడం పోర్టుకంటే ముందే ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడటానికి ఉన్న కారణాల్లో నర్సీపట్నం నుంచి పైకి వేసిన రోడ్డు పని ఒకటి. బాస్టియన్ అనే అధికారి కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. గాం గంటందొర, మల్లుదొర లాంటివాళ్లు రాజుతో కలిసి నడిచారు. ఆ పోరాటాన్ని మనం స్వాతంత్ర్య పోరాటంగా చదువుకుంటాం, నిజమే. కానీ అది దారి గురించి కూడా జరిగింది. దారి ఎవరికోసం, ఎవరి కూలితో, అడవి మీద ఎవరి అధికారంతో అన్న ప్రశ్నలు అప్పుడే వచ్చాయి.

పోర్టు రావడంతో భీమునిపట్నం వెలవెలబోయింది. విశాఖ పెరిగింది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది, 1948లో అక్కడ కట్టిన జలఉష ఓడ నీళ్లలోకి దిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. సరిగ్గా 18 ఏళ్ల తర్వాత అదే జపాన్ ఉక్కు కంపెనీల కోసం మన కొండల్లో సొరంగాలు తవ్వే ఒప్పందం కుదిరింది.

కేకే లైను: రాయి దిగే దారి

1960లో జపాన్ ఉక్కు మిల్లులతో భారత ప్రభుత్వానికి ఒప్పందం కుదిరింది. బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఇనుప ఖనిజం పంపాలి. బైలదిల్లా ఎక్కడో దంతెవాడ అవతల, సముద్రం ఇక్కడ. మధ్యలో తూర్పు కనుమలు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 450 కిలోమీటర్ల లైను వేయాలన్నారు. అదే మనం కేకే లైను అంటాం. 50కి పైగా సొరంగాలు, లెక్కలేనన్ని వంతెనలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. శిమిలిగుడ స్టేషను దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. బ్రాడ్‌గేజ్ లైన్లలో దేశంలోనే ఎత్తయిన స్టేషనని చాలాకాలం బోర్డు మీద గర్వంగా రాసుకున్నారు.

1960ల చివరికి బండ్లు తిరిగాయి. 1968లో బైలదిల్లాలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వకం ఊపందుకుంది. పోర్టులో ఖనిజం ఎత్తే యంత్రాలు వచ్చాయి. పెద్ద ఓడలు లోపలి హార్బరులోకి రాలేవని 1976లో బయటి హార్బరు కట్టారు. లక్ష టన్నులు మోసే ఓడలు అక్కడికి వచ్చాయి. 1933-34లో పోర్టు ఏడాదంతా తిప్పిన సరుకు సుమారు 1.3 లక్షల టన్నులు. అంటే తర్వాత ఒక్క ఓడలో పోయింది, మొదట్లో ఒక సంవత్సరమంతా పోయినదానికి దగ్గరగా ఉంది. 2023-24లో పోర్టు సరుకు 8 కోట్ల టన్నులు దాటింది.

ఇప్పుడు మన వైపు లెక్క చూద్దాం.

మొదటిది పని. లైను వేసేటప్పుడు పని బాగానే దొరికింది. మా తాత లాంటివాళ్లు మట్టి మోశారు, రాయి కొట్టారు. రోజు కూలి డబ్బులు చేతికి రావడం చాలా కుటుంబాలకి అదే మొదటిసారి. మేస్త్రి లెక్క రాసుకుంటే వీళ్లు వేలిముద్ర వేసేవాళ్లు. సొరంగంలో దుమ్ము పీల్చి దగ్గుతో పోయినవాళ్ల గురించి మా తాత ఇప్పటికీ చెబుతాడు. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. లైను పూర్తయ్యాక పని ఆగిపోయింది. నడిపే పనికి చదువు కావాలి, ఖలాసీ పనికి కూడా కాగితం కావాలి. అవి మన దగ్గర లేవు. పోర్టులో ఖనిజం ఎత్తే పని గంపల నుంచి యంత్రాలకి మారింది. టన్నులు పెరిగినంతగా చేతులకి పని పెరగలేదు. తర్వాత రిజర్వేషన్‌లో రైల్వేలో, పోర్టులో ఉద్యోగాలు తెచ్చుకున్న మనవాళ్లు ఉన్నారు, వాళ్ల వల్ల కొన్ని కుటుంబాలు నిలబడ్డాయి. కాదనను. కానీ దిగిన రాయితో పోలిస్తే ఎక్కిన జీతాలు ఎన్ని?

రెండోది భూమి. రైలు కింద పోయిన భూమి కంటే రైలు వెంట వచ్చినవాళ్ల చేతిలోకి పోయిన భూమి గురించి ఎక్కువ ఆలోచించాలి. స్టేషను పడ్డ చోట కొట్టు పడింది, కొట్టు వెనక వడ్డీ, వడ్డీ వెనక చేను. 1959లోనే భూబదలాయింపు నిబంధనలు వచ్చాయి కానీ వాటిలో సందులున్నాయి. గిరిజనేతరుల మధ్య భూమి చేతులు మారడం ఆగలేదు. 1970లో వచ్చిన సవరణే మనం 1/70 అని పిలుచుకునేది. ఏజెన్సీలో భూమి గిరిజనుడికి తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదని అది గట్టిగా చెప్పింది. ఆ చట్టం ఊరికే రాలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న తుపాకీ గుళ్లకి పడిపోయారు. శ్రీకాకుళం కొండలు భగ్గుమన్నాయి. ఆ వేడి తర్వాతే 1/70.

మూడోది నీళ్లు. బైలదిల్లా కింద శంఖిని, డంకిని నదులున్నాయి. గని కడిగిన ఎర్ర మట్టి కలిసి శంఖిని ఎర్రగా పారింది. ఆ నీళ్లు తాగేది, పశువులకి పెట్టేది అక్కడి గోండు, హల్బా, ఇతర ఆదివాసీ ఊళ్లు. వాళ్లు మన జిల్లా కాదు, మన రాష్ట్రం కాదు. కానీ మనం లెక్కపెట్టిన పెట్టెల్లో పోయింది వాళ్ల కొండే.

నాలుగోది కరెంటు. పెరిగే పట్నానికి, ఫ్యాక్టరీలకి కరెంటు కావాలి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. దానికోసం జలాపుట్ దగ్గర కట్టిన ఆనకట్ట కింద ఊళ్లు మునిగాయి. వేలమంది లేచిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మన ఆదివాసీలు, దళితులు. తీగలు మన ఊళ్ల మీద నుంచే కిందకి పోయాయి. తీగ కింద ఉన్న ఊరికి మాత్రం కరెంటు ఎన్నో ఏళ్ల తర్వాత గానీ రాలేదు. ఇది ఏజెన్సీలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, దీనికి పుస్తకం అక్కర్లేదు.

మనకి వచ్చింది కూడా చెప్పాలి

ఒకవైపే చెబితే అది చరిత్ర కాదు, ఫిర్యాదు. కాబట్టి ఇదీ రాస్తున్నాను.

ఆ రైలు వల్లే మా పిన్ని కాన్పు కష్టమైనప్పుడు కేజీహెచ్‌కి చేరింది. ఆ రైలు వల్లే నేను డిగ్రీకి విశాఖ వచ్చాను. చాలా ఏళ్లు పగటిపూట ఒక్క పాసింజరు బండే ఉన్నా, ఆ ఒక్క బండి మీదే మన పిల్లలు హాస్టళ్లకి, మన అడ్డాకులు, మన సీతాఫలాలు బజారుకి వెళ్లాయి. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కేంద్రం విశాఖలోనే ఉంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారి లేకపోతే ఇవి ఇంత తొందరగా అయ్యేవి కావు.

కానీ గమనించండి. మనకి దొరికిన మేలు పాసింజరు బండిది. లైను వేసింది గూడ్సు కోసం. మనం ఎక్కడానికి దొరికింది మిగిలిన చోటు. 2017లో అద్దాల పెట్టె వచ్చింది, అరకు అందాలు చూడటానికి. పర్యాటకులు రావడం తప్పు కాదు. కాకపోతే ఆ అద్దంలోంచి కనిపించే చేను ఎవరిదో, దానికి పట్టా ఉందో లేదో కనిపించదు.

తీరంలో ఉన్నవాళ్లు కూడా మనలాగే

నేను విశాఖలో చదువుకున్నప్పుడు పాతపట్నంలో ఒక గదిలో ఉన్నాను. కిటికీ మీద వేలితో గీస్తే నల్లటి పొడి. కొన్ని రోజులు ఎర్రగా కూడా ఉండేది. ఇంటి ఓనరమ్మ రోజుకి రెండుసార్లు అరుగు కడిగేది. బొగ్గు, ఖనిజం పొడి గాలికి వచ్చి పడేది. ఆ ఎర్ర పొడిని చూసినప్పుడు నాకు గట్టు మీద లెక్కపెట్టిన పెట్టెలు గుర్తొచ్చాయి. మా ఊరి పక్క నుంచి పోయిన రాయి ఇక్కడ ఈ ఇళ్ల ఊపిరిలో చేరిందన్నమాట.

జాలరి, వాడబలిజ కుటుంబాల కథ అంతే. సముద్రం ఎప్పుడూ వాళ్లదే అనుకున్నారు, కాగితం మీద మాత్రం కాదు. హార్బరు గోడ కట్టాక ఉత్తరం వైపు కదిలే ఇసుకకి అడ్డం పడింది. ఆర్కే బీచ్ కోసుకుపోతుంటే ఇసుక తవ్వి మళ్లీ అక్కడ పోయాల్సి వస్తోంది. తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ పక్కన గంగవరం పోర్టు వచ్చింది, 2009లో ప్రారంభమైంది. అక్కడ గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తమ రేవు పోయిందని, వల వేసే చోటు పోయిందని గట్టిగా పోరాడారు. వలకి పట్టా ఉండదు. మన పోడుకీ ఉండేది కాదు. ఇద్దరినీ ఒకే మాటతో పక్కకి జరిపారు: "రికార్డులో లేదు."

2023 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా మూలపేటలో ఇంకో పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఆ పోర్టుకి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? దాని రైలు, దాని రోడ్డు ఏ కొండ వైపు పెరుగుతాయి? ఈ ప్రశ్న ఇప్పుడే అడగాల్సింది తీరంలో ఉన్నవాళ్లు మాత్రమే కాదు. సీతంపేట, పాతపట్నం వైపు ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా అడగాలి.

బొర్రా తీర్పు: మనం గెలిచిన చోటు

కథంతా ఓటమే అనుకోకండి. అనంతగిరి మండలంలోనే, బొర్రా చుట్టుపక్కల, నిమ్మలపాడు వైపు, ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులిచ్చింది. గిరిజనులు, సమత అనే సంస్థ కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. 1/70 చట్టంలో "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. గనులు నడిపే చోట లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలంది.

ఆ తీర్పు లేకపోతే తర్వాత బాక్సైట్ విషయంలో మనం నిలబడగలిగేవాళ్లం కాదు. 2015 నవంబరులో జీవో 97తో చింతపల్లి, జెర్రెల వైపు తవ్వకాలకి దారి తెరిచారు. ఊళ్లన్నీ లేచాయి. 2019లో ఆ జీవో రద్దయింది. కొండ అవతల ఒడిశాలో పరిస్థితి వేరు. దామన్‌జోడిలో 1980ల నుంచి అల్యూమినా తయారవుతోంది. ఎగుమతి కోసం అది దిగేది కేకే లైను మీదే, ఎక్కేది విశాఖ పోర్టులోనే. ఒకే రైలు పట్టా, రెండు రాష్ట్రాలు, రెండు రకాల చట్టాలు.

అసలు చిక్కు ఎక్కడుంది?

ఇన్ని చదివాక నాకు అర్థమైంది ఇది. పోర్టు ఉన్న చోటు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. అక్కడ పీసా చట్టం లేదు, మన గ్రామసభకి మాట లేదు. పోర్టు విస్తరిస్తే ప్రభావం ఎవరి మీద అని లెక్కవేసేటప్పుడు ప్రహరీ చుట్టూ కొన్ని కిలోమీటర్లు చూస్తారు. 100 కిలోమీటర్ల అవతల సొరంగం పక్కనున్న ఊరు, 450 కిలోమీటర్ల అవతల ఎర్ర నది పక్కనున్న ఊరు ఆ లెక్కలోకి రావు. రైలుని రైలుగా, గనిని గనిగా, ఆనకట్టని ఆనకట్టగా, పోర్టుని పోర్టుగా విడివిడిగా చూస్తారు. ఒక్కోటి విడిగా చూస్తే నష్టం చిన్నదిగా కనిపిస్తుంది. మనం మాత్రం అన్నిటినీ ఒకే ఇంట్లో, ఒకే తరంలో భరించాం.

కొత్త రైల్వే జోన్ మాట వచ్చినప్పుడు కేకే లైను ఎటు పోతుందని పెద్ద చర్చ జరిగింది. ఆదాయమంతా ఆ లైనుదే, మాకు కావాలని ఒక వైపు, మాకు కావాలని ఇంకో వైపు. పేపర్లన్నీ రాశాయి. ఆ ఆదాయంలో లైను కింద ఊళ్లకి ఎంత అన్న ప్రశ్న మాత్రం నేను వెతికిన వార్తల్లో కనపడలేదు.

ఇప్పుడు మనం చేయగలిగినవి

కొత్తవలస నుంచి కోరాపుట్ వైపు రెండో లైను పని నడుస్తోంది. మా గట్టు మీద ఎర్ర రంగు దానిదే కావచ్చు, కాకపోవచ్చు. రైలు వద్దు అని నేను అనడం లేదు. మా తాతకి జరిగింది మా నాన్నకి జరగకూడదు అంటున్నాను. అందుకు మనం తెలుసుకోవాల్సినవి కొన్ని:

ఒకటి. 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకి ముందు గ్రామసభని గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలి. సంప్రదించారా అన్నది మినిట్స్ పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం చూపించమని అడగండి. సంతకం ఎవరిదో, వేలిముద్ర ఎవరిదో చూడండి.

రెండు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా వచ్చిందా, దరఖాస్తు ఏ దశలో ఉంది? దరఖాస్తు నకలు, రసీదు ఇంట్లో ఒకటి, ఫోన్లో ఫొటో ఒకటి ఉంచండి. మా తాత అన్న "భూమికి కాగితముంటే కదా" అన్న మాటకి ఇదే జవాబు.

మూడు. అటవీ భూమి వేరే పనికి ఇవ్వాలంటే గ్రామసభ ఒప్పుకోలు కావాలని 2009 ఆగస్టులో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. 2013 ఫిబ్రవరిలో రైలు, రోడ్డు, తీగల లైన్ల లాంటి వాటికి మినహాయింపు ఇచ్చారు. కానీ ఆదిమ గిరిజన తెగల గుర్తించిన హక్కులు దెబ్బతినే చోట ఆ మినహాయింపు వర్తించదని అందులోనే ఉంది. మన దగ్గర గదబ, పోర్జ, కోందు తెగల్లో కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం చాలా ఊళ్లకి తెలియదు. తెలియజేయడం మన పని.

నాలుగు. రైల్వే భూసేకరణకి వేరే చట్టముందని చెప్పి చేయి దులుపుకుంటారు. కానీ 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం, పునరావాసం లెక్కలు రైల్వేకి కూడా వర్తిస్తాయని 2015లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఎవరైనా పాత రేటు చెబితే ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయండి.

ఐదు. మీ ఇంట్లో 60 ఏళ్లు దాటినవాళ్లని కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. లైను పడ్డప్పుడు ఎక్కడ చేను ఉండేది, ఏ చెట్టు హద్దు, ఎవరు పని చేశారు, కూలి ఎంత, ఎవరు తిరిగి రాలేదు. ఫోన్లో రికార్డు చేసినా చాలు. కోర్టుకి అది సాక్ష్యం అవుతుందో లేదో నేను చెప్పలేను. కానీ మన చరిత్రకి అంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. ఆ తరం ఎక్కువ రోజులు ఉండదు.

మా తాత వయసు ఇప్పుడు 80 దాటింది. చెవులు సరిగ్గా వినపడవు. కానీ నిండు బండి దిగుతుంటే అరుగు అదురుతుంది కదా, అది పాదాలకి తెలుస్తుందంట. మొన్న ఊరి నుంచి బయల్దేరేముందు పక్కన కూర్చుని ఈ పోస్టులో ఉన్నదంతా గట్టిగా చెప్పాను. బైలదిల్లా, జపాను, పోర్టు, లక్ష టన్నుల ఓడ. అంతా విని, "అయితే సంద్రం కూడా ఆపుకోలేదన్నమాట, అవతలోడికే ఇచ్చేసింది" అన్నాడు. కాసేపాగి, "నువ్వు రాసేదాంట్లో సొరంగంలో పోయినోళ్ల పేర్లు కూడా రాయి" అన్నాడు.

ఏడు పేర్లు చెప్పాడు. వాళ్ల ఇళ్లవాళ్లని అడక్కుండా ఇక్కడ పెట్టడం పద్ధతి కాదు. నా నోటుబుక్కులో రాసుకున్నాను, వచ్చే నెల ఒక్కో ఇంటికీ వెళ్తాను. మీ ఊళ్లో కూడా అలాంటి పేర్లుంటే రాసిపెట్టండి. పైవాళ్ల లెక్కలో టన్నులున్నాయి. మన లెక్కలో మనుషులుండాలి.

జై ఆదివాసీ.